పాఠం 9: ఒకే పేరు, వేర్వేరు గొంతులు – పాడ్‌కాస్ట్ విమర్శలో వ్యక్తి నిర్ధారణ

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నామసామ్యం అంటే ఏమిటో, విమర్శలో అది ఎందుకు సమస్య అవుతుందో చెప్పగలుగుతారు.
• పాడ్‌కాస్ట్‌లలో ఒకే పేరుగల అతిథులు కలగలిసిపోవడానికి కారణాలు వివరించగలుగుతారు.
• అంతస్సాక్ష్యం, బహిస్సాక్ష్యం ఆధారంగా మాట్లాడుతున్నది ఎవరో నిర్ధారించగలుగుతారు.
• ఒక ఎపిసోడ్ తన అతిథిని సరిగా పరిచయం చేసిందో లేదో విలువ కట్టగలుగుతారు.

9.1 పరిచయం

ఇంతవరకు కావ్యాన్ని, కథను, నవలను ఎలా విమర్శించాలో చదువుకున్నాం. అవన్నీ కంటితో చదివేవి. ఈ పాఠంలో చెవితో చదివే ఒక ప్రక్రియను తీసుకుందాం. అదే పాడ్‌కాస్ట్. ఈ మాట అచ్చులో కనిపించింది 2004లో. ఇవాళ మీలో చాలామంది బస్సులో వెళుతూనో, వంట చేస్తూనో, పొలం పని చేసుకుంటూనో ఫోనులో పాడ్‌కాస్ట్‌లు వింటూనే ఉంటారు. వాటిలో ఎక్కువ భాగం సంభాషణలే. ఒక వ్యాఖ్యాత ప్రశ్నలు అడుగుతాడు, ఒక అతిథి జవాబు చెబుతాడు.

ఒక అతిథి అభిప్రాయాలను పరిశీలించి వ్యాసం రాయమని మీకు అసైన్‌మెంట్ ఇచ్చారనుకోండి. మొదట ఏం చేస్తారు? ఆ పేరును టైప్ చేసి వెతుకుతారు. ఆ పేరు ఉన్న ఎపిసోడ్‌లన్నీ ఒక జాబితాగా వస్తాయి. మీరు వాటిని వరుసగా విని, ఈయన మొదట ఇలా అన్నాడు, తరువాత అలా అన్నాడు, అభిప్రాయం మార్చుకున్నాడు అని రాస్తారు. ఆ జాబితాను మీరు ఒక మనిషి ఆలోచనల చరిత్రగా చదివారన్నమాట. కాని యంత్రం మీకు ఇచ్చింది మనిషిని కాదు, అక్షరాల వరుసను. ఆ అక్షరాలు ఉన్న చోటల్లా ఒకే మనిషి ఉన్నాడని అది ఎక్కడా హామీ ఇవ్వలేదు. ఆ హామీని మనకు మనమే ఇచ్చుకున్నాం.

పేరు కలిసినంత మాత్రాన మనిషి కలవడు. మాట ఎవరిదో తేలకముందు ఆ మాట మీద తీర్పు చెప్పకూడదు. ఈ పాఠం మొత్తం ఈ రెండు వాక్యాల చుట్టూ తిరుగుతుంది.

9.2 మన సాహిత్యంలో నామసామ్యం

ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమందికి ఒకే పేరు ఉండడాన్ని నామసామ్యం అంటాం. తెలుగు సాహిత్య విద్యార్థికి ఇది కొత్త కాదు. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కాలంలోనే ఇద్దరు తిక్కనలు ఉన్నారు. ఒకరు భారతం రాసిన తిక్కన సోమయాజి. మరొకరు కత్తి పట్టిన ఖడ్గ తిక్కన. ఇద్దరూ మంత్రి భాస్కరుడి మనుమలే, వరసకు సోదరులే. ఊరు ఒకటి, కుటుంబం ఒకటి, కాలం ఒకటి, పేరు ఒకటి. అయినా మనం ఒకరి పని మరొకరికి అంటగట్టం. ఎందుకంటే ఒకరి పేరుకు యజ్ఞం, మరొకరి పేరుకు ఖడ్గం తోడయ్యాయి.

పెద్దనల విషయం చూడండి. ‘కావ్యాలంకార చూడామణి’ అనే లక్షణ గ్రంథం రాసినవాడు విన్నకోట పెద్దన. ‘మనుచరిత్ర’ రాసినవాడు శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలోని అల్లసాని పెద్దన. ఇంటిపేరు తీసేసి ‘పెద్దన అలంకార శాస్త్రం కూడా రాశాడు’ అంటే, ఇద్దరు కవులను కలిపి మూడో కవిని సృష్టించినట్టే. ఆ మూడో కవి ఎన్నడూ లేడు.

ఈ ప్రమాదాన్ని మన పూర్వకవులు ఊహించినట్టే కనిపిస్తుంది. ప్రతి ఆశ్వాసం చివర వచ్చే గద్యను గుర్తు చేసుకోండి. అందులో కవి తన తండ్రి పేరు, బిరుదు, కృతి పేరు చెప్పుకుంటాడు. తిక్కన గద్య కొమ్మనామాత్యుడి కొడుకునని చెబుతుంది. పెద్దన గద్య చొక్కనామాత్యుడి కొడుకునని చెబుతుంది. పరీక్ష కోసం దాన్ని బట్టీ పట్టేటప్పుడు మనకు అది ఆడంబరంగా అనిపిస్తుంది. నిజానికి అది ఒక గుర్తింపు పత్రం. తాటాకులు ఎన్ని చేతులు మారినా, ఎన్నిసార్లు తిరగరాసినా, ఈ మాటకు కర్త ఎవరో తెలియడానికి చేసిన ఏర్పాటు.

సినిమా రంగం కూడా ఇలాంటి ఏర్పాటు చేసుకుంది. గాయని ఎస్. జానకి వేరు, నటి షావుకారు జానకి వేరు. 1950 నాటి ‘షావుకారు’ చిత్రం ఆమె పేరుకు ముందు చేరి ఇంటిపేరు అయింది. ఎస్.వి. రంగారావు వేరు, 1967లో వచ్చిన ‘సాక్షి’ చిత్రంతో సాక్షి రంగారావు అయిన నటుడు వేరు. పనినే పేరుకు ముడివేయడం తెలుగువారి పద్ధతుల్లో ఒకటి. హాలీవుడ్‌లో నటుల సంఘం దీన్ని నియమంగానే పెట్టింది. సంఘంలో ఇదివరకే ఒక పేరు నమోదై ఉంటే కొత్తవాడు అదే పేరు వాడకూడదు. మైకేల్ ఫాక్స్ అనే నటుడు అప్పటికే ఉన్నందువల్ల మరొకరు మధ్యలో ‘జె’ చేర్చుకుని మైకేల్ జె. ఫాక్స్ అయ్యారు. మైకేల్ డగ్లస్ అనే పేరుతో పుట్టిన నటుడు మైకేల్ కీటన్ అయ్యారు.

9.3 పాడ్‌కాస్ట్‌లో చిక్కు ఎక్కడ?

గ్రంథానికి గద్య ఉంది, సినిమాకు టైటిల్స్ ఉన్నాయి. పాడ్‌కాస్ట్‌కు ఏముంది? దాని నిర్మాణాన్ని కొంచెం తెలుసుకుంటే చిక్కు ఎక్కడుందో అర్థమవుతుంది.

ప్రతి పాడ్‌కాస్ట్‌కూ ఆర్.ఎస్.ఎస్. ఫీడ్ అనే ఒక పట్టిక ఉంటుంది. మీ ఫోనులోని యాప్ ఆ పట్టికనే చదువుతుంది. అందులో ప్రతి ఎపిసోడ్‌కూ శీర్షిక, తేదీ, వివరణ, ఆడియో ఫైలు ఉన్న చోటు రాసి ఉంటాయి. కార్యక్రమ కర్త పేరుకు చోటు ఉంటుంది కాని, అతిథి ఎవరో చెప్పడానికి మొదటినుంచీ ప్రత్యేకమైన గడి లేదు. అతిథి పేరు శీర్షికలోనో వివరణలోనో మామూలు మాటల్లో ఒక మాటగా కలిసిపోతుంది. అతిథి పేరును విడిగా రాసి, ఆయన వివరాలున్న పేజీకి లింకు ఇచ్చే వీలు ఇటీవల వచ్చింది. కాని అది ఐచ్ఛికం. ఇష్టమున్నవారు వాడతారు, లేనివారు వదిలేస్తారు.

రెండో కారణం వ్యాఖ్యాత అలవాటు. తన శ్రోతలకు అతిథి ముందే తెలుసని అతను అనుకుంటాడు. ఆ వారం వినేవారికి అది నిజమే కావచ్చు. పదేళ్ల తరువాత వెతికి వినేవారికి కాదు. పాడ్‌కాస్ట్ రేడియోలాగా గాలిలో కలిసిపోయేది కాదు, గ్రంథంలాగా నిలిచి ఉండేది. ఈ తేడాను చాలామంది వ్యాఖ్యాతలు ఇంకా గుర్తించలేదు.

మూడో కారణం మన లిపి, మన చెవి. ఇంగ్లీషులో అక్షరాల తేడా ఉన్న రెండు పేర్లు తెలుగులో రాసేసరికి ఒకటైపోవచ్చు. దీనికి తిరగబడిన చిక్కు కూడా ఉంది. ‘లక్ష్మి’ అనే ఒక్క పేరును ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. అప్పుడు ఒకే మనిషి మాటలు పలుచోట్ల చెదిరిపోతాయి. మొదటి చిక్కు ఇద్దరిని ఒకరిగా చేస్తుంది, రెండోది ఒకరిని ఇద్దరుగా చేస్తుంది. విమర్శకుడు రెండింటినీ కనిపెట్టి ఉండాలి.

9.4 ఉదాహరణ 1: ఇద్దరు బ్రయన్ కాక్స్‌లు

బ్రిటన్‌లో బ్రయన్ కాక్స్ అనే పేరుతో ఇద్దరు ప్రసిద్ధులున్నారు. ఒకరు 1946లో స్కాట్లండ్‌లోని డండీలో పుట్టిన నటుడు. 2018 నుంచి 2023 వరకు వచ్చిన ‘సక్సెషన్’ ధారావాహికలో లోగన్ రాయ్ పాత్రధారి. మరొకరు 1968లో ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త, మాంచెస్టర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. హాస్యనటుడు రాబిన్ ఇన్స్‌తో కలిసి 2009లో ‘ది ఇన్ఫినిట్ మంకీ కేజ్’ అనే బీబీసీ కార్యక్రమం మొదలుపెట్టినవాడు. అది రేడియోలోనూ పాడ్‌కాస్ట్‌గానూ వస్తుంది.

‘సైన్స్ మాట్లాడితే శాస్త్రవేత్త, సినిమా మాట్లాడితే నటుడు, ఇందులో చిక్కేముంది?’ అని మీరు అడగవచ్చు. విషయాన్ని బట్టి మనిషిని గుర్తించడం అందరికీ తోచే పద్ధతి. అది ఎంత బలహీనమైనదో ఈ ఉదాహరణే చూపిస్తుంది. 2007లో వచ్చిన ‘సన్‌షైన్’ చలనచిత్రానికి శాస్త్ర సలహాదారు ఈ భౌతిక శాస్త్రవేత్తే. అంతకుముందు ఆయన డి:రీమ్ అనే సంగీత బృందంలో కీబోర్డు వాయించారు. ‘నేను ఆ సినిమాకు పనిచేసినప్పుడు’ అని బ్రయన్ కాక్స్ అన్నాడంటే అది నటుడి మాటే అయి ఉండాలని లేదు. మనిషి ఒకే రంగానికి కట్టుబడి ఉండడు. అందువల్ల విషయం ఒక సూచన మాత్రమే, రుజువు కాదు.

మరి రుజువు ఎక్కడ దొరుకుతుంది? కాలంలో దొరుకుతుంది. 1960లలో తాను రంగస్థలం మీద పనిచేసిన జ్ఞాపకం అతిథి చెబితే, అది 1968లో పుట్టినవాడి జ్ఞాపకం కాజాలదు. యాసలోనూ దొరుకుతుంది. శ్రీకాకుళం మాటకూ చిత్తూరు మాటకూ తేడా మనకు ఒక్క వాక్యంలో తెలిసినట్టే, డండీ మాటకూ ఓల్డమ్ మాటకూ తేడా అక్కడివారికి వెంటనే తెలుస్తుంది. అయితే మీకు ఆ యాసలతో పరిచయం లేకపోతే చెవి మీద మాత్రమే ఆధారపడకండి. పైగా నటుడి గొంతు పాత్రను బట్టి మారుతుంది.

ఇక విలువ కట్టే పని. జో రోగన్ కార్యక్రమంలో 2019 జనవరి నాటి ఒక ఎపిసోడ్ శీర్షికలో ఒక సంఖ్య, బ్రయన్ కాక్స్ అనే పేరు తప్ప మరేమీ లేవు. అందులో మాట్లాడింది భౌతిక శాస్త్రవేత్త. శీర్షిక పెట్టే ఆ పద్ధతి పొందికగా ఉంటుంది, లెక్క పెట్టుకోవడానికి సులువు. కాని అది తెలిసినవారికి గుర్తు చేస్తుంది, తెలియనివారికి ఏమీ చెప్పదు. ఒకే పేరుగల ఇద్దరు ప్రసిద్ధులు ఉన్నచోట అలాంటి శీర్షిక తన పని సగమే చేసినట్టు. ‘భౌతిక శాస్త్రవేత్త’ అన్న ఒక్క మాట చేర్చితే సరిపోయేది.

9.5 ఉదాహరణ 2: ముగ్గురు మైకేల్ జోర్డన్‌లు

షికాగో బుల్స్ జట్టుతో ఆరు ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచిన బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు మైకేల్ జోర్డన్ మీకు తెలుసు. ‘క్రీడ్’, ‘బ్లాక్ పాంథర్’ చిత్రాల నటుడు మైకేల్ బి. జోర్డన్. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో యంత్రాభ్యాసం, గణాంక శాస్త్రాల్లో పేరుపొందిన ఆచార్యుడు మైకేల్ ఐ. జోర్డన్. కాగితం మీద ‘బి’, ‘ఐ’ అనే రెండు అక్షరాలు ముగ్గురినీ వేరు చేస్తున్నాయి. మాటల్లోకి వచ్చేసరికి ఆ అక్షరాలు తరచుగా జారిపోతాయి. ఎదురుగా కూర్చున్న మనిషిని పొడి అక్షరంతో సహా ఎవరు పిలుస్తారు?

ఈ ఆచార్యుడు 2018లో ఒక వ్యాసం రాశారు. కృత్రిమ మేధ విప్లవం ఇంకా రాలేదన్నది దాని సారాంశం. నేటి సాంకేతికతనంతటినీ ‘కృత్రిమ మేధ’ అనే ఒక్క మాటతో పిలవడం అసలు సమస్యలను కప్పిపుచ్చుతుందని ఆయన వాదం. ఇప్పుడు ఒక విద్యార్థి తన సమాధాన పత్రంలో ‘కృత్రిమ మేధ విప్లవం ఇంకా రాలేదని మైకేల్ జోర్డన్ అభిప్రాయం’ అని రాశాడనుకోండి. వాక్యంలో అబద్ధం లేదు. అయినా చదివినవారికి ఒక బంతి ఆటగాడు తనకు తెలియని విషయంలో తలదూర్చినట్టు అనిపిస్తుంది. ఒక శాస్త్రవేత్త జీవితకాలపు అధ్యయనం నుంచి వచ్చిన మాట, ఒక అక్షరం పోవడంతో, కాలక్షేపపు మాటగా దిగజారింది.

లెక్స్ ఫ్రిడ్‌మన్ పాడ్‌కాస్ట్‌లో 2020లో ఈ ఆచార్యుడితో జరిగిన సంభాషణ శీర్షికను పై ఉదాహరణతో పోల్చండి. అందులో ‘ఐ’ అనే అక్షరం ఉంది, ఆ పక్కనే చర్చించిన విషయాలూ ఉన్నాయి. ఎన్నేళ్ల తరువాత, ఏ మూల నుంచి ఎవరు చూసినా పొరబడే అవకాశం తక్కువ. శీర్షిక కొంచెం పొడవైంది, అంతే. విమర్శకుడి దృష్టిలో ఆ పొడవు దోషం కాదు, గుణం.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. ఈ ముగ్గురినీ కలిపేస్తే ఎలాంటి మనిషి తయారవుతాడు? ఆరు టైటిళ్లు గెలిచి, గణాంక శాస్త్రం బోధిస్తూ, సినిమాల్లో నటించే మనిషి! వింటేనే నవ్వు వస్తుంది. నవ్వు వచ్చిందంటే పొరపాటు పట్టుబడిందన్నమాట. పొరపాటు నవ్వు తెప్పించినప్పుడు ప్రమాదం లేదు. నమ్మదగ్గట్టుగా ఉన్నప్పుడే ప్రమాదం. ఒకే పట్టణంలో ఒకే పేరుతో ఇద్దరు వైద్యులు ఉన్నారనుకోండి. ఒకరు ఒక మందును సమర్థిస్తూ, మరొకరు వ్యతిరేకిస్తూ వేర్వేరు పాడ్‌కాస్ట్‌లలో మాట్లాడారు. రెండూ విన్నవాడు ‘ఈ డాక్టరు మాట మీద నిలబడడు’ అంటాడు. ఇద్దరు నిజాయితీపరుల నుంచి ఒక అవకాశవాది పుట్టాడు. ఇక్కడ నవ్వు రాదు, అనుమానమూ రాదు. ప్రసిద్ధుల విషయంలో లోకమే దిద్దుతుంది. సామాన్యుల విషయంలో దిద్దేవారు ఎవరూ ఉండరు.

ఇంకొక నష్టం కూడా ఉంది. ఒకే పేరుగలవారిలో ఒకరు చాలా ప్రసిద్ధులైతే మిగిలినవారు ఆ వెలుగులో కనిపించకుండా పోతారు. వారు ఎంత విలువైన మాట చెప్పినా వెతికేవారికి దొరకదు, దొరికినా ప్రసిద్ధుడి ఖాతాలో జమ అవుతుంది.

9.6 నిర్ధారణకు ఆధారాలు

పాత తాళపత్రానికి కర్త ఎవరో తేల్చడానికి మనవాళ్లు వాడిన సాధనాలే ఇక్కడా పనికొస్తాయి.

బహిస్సాక్ష్యం: ఎపిసోడ్‌కు వెలుపల ఉండేది. శీర్షిక, వివరణ, ప్రసార తేదీ, కార్యక్రమ స్వభావం, అతిథి తానే తన రచనల్లోనో సంస్థ పేజీలోనో ఈ సంభాషణను పేర్కొనడం. వీటిలో చివరిది అన్నిటికన్నా బలమైనది. వికీపీడియాలో ఒకే పేరుగలవారిని విడదీసి చూపే పేజీలుంటాయి. తెలుగు వికీపీడియాలో వాటిని ‘అయోమయ నివృత్తి’ అంటారు. అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టడం మంచి అలవాటు.

అంతస్సాక్ష్యం: సంభాషణ లోపల దొరికేది. వ్యాఖ్యాత చేసిన పరిచయం, అతిథి చెప్పిన ఊరు, చదువు, ఉద్యోగం, సంవత్సరాలు, తోటివారి ప్రస్తావనలు. వీటిలో సంవత్సరాలు, స్థలాలు బలమైన ఆధారాలు. అభిప్రాయాలు, విషయం, మాట తీరు బలహీనమైన ఆధారాలు. గొంతు మధ్యస్థం. ఈ రోజుల్లో గొంతును యంత్రంతో అనుకరించవచ్చు కాబట్టి అదొక్కటే చాలదు.

కనీసం రెండు స్వతంత్ర ఆధారాలు కలిస్తేనే ‘ఫలానావారు అన్నారు’ అని రాయండి. ఒకటే దొరికితే ‘ఈ పేరుగల అతిథి అన్నారు’ అని రాయండి. అలా రాయడం చిన్నతనం కాదు. ‘భాస్కర రామాయణం’ మీద చర్చించిన పండితులు హుళక్కి భాస్కరుడా, మంత్రి భాస్కరుడా అని తర్కించారే గాని, భాస్కరుడు అనే పేరు ఉంది కాబట్టి ఎవరైతేనేం అనుకోలేదు.

9.7 బాధ్యత ఎవరిది?

ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇస్తే సమస్య తీరిపోతుందని కొందరి వాదం. పరిశోధకులకు అలాంటి ఏర్పాటు ఉంది. 2012లో మొదలైన ‘ఆర్కిడ్’ పద్ధతిలో ప్రతి పరిశోధకుడూ 16 అంకెల సంఖ్య పొందవచ్చు. మీకూ ఇది తెలియనిదేమీ కాదు. మీ అధ్యయన కేంద్రంలో మీ పేరే ఉన్న మరో విద్యార్థి ఉండవచ్చు. మీ మార్కులు ఆ విద్యార్థికి పోకుండా కాపాడేది మీ హాల్ టికెట్ నంబరే.

అయితే ఈ పరిష్కారానికి హద్దులున్నాయి. పరిశోధకుడు జీవితమంతా రాస్తాడు, సంఖ్య అతనికి పనికొస్తుంది. జీవితంలో ఒక్కసారి ఒక పాడ్‌కాస్ట్‌లో తన నేత పని గురించి చెప్పిన మగ్గం కార్మికుడికి, విత్తనాల గురించి చెప్పిన మహిళా రైతుకు సంఖ్య ఎవరిస్తారు? ఎందుకు తీసుకోవాలి? వారికి కావలసింది వ్యాఖ్యాత చెప్పే ఒక్క వాక్యం: ఈమె ఫలానా, ఫలానా ఊరు, ఫలానా పని చేస్తారు, ఇది ఫలానా సంవత్సరంలో రికార్డు చేశాం. ఆశ్వాసాంత గద్య చేసిన పని ఇదే. అయితే ఊరి పేరు బయటపెడితే హాని కలిగే సందర్భాలు ఉంటాయి. అప్పుడు అతిథిని అడిగి, ఆమె ఒప్పుకున్నంత వరకే చెప్పాలి. పరిచయం అతిథికి రక్షణ కావాలి గాని భారం కాకూడదు.

కాబట్టి పాడ్‌కాస్ట్‌ను విమర్శించేటప్పుడు ప్రశ్నలు పదునుగా ఉన్నాయా, శబ్దం శుభ్రంగా ఉందా అని మాత్రమే చూడకండి. ముందు వెనుకలు తెలియని శ్రోతకు మొదటి రెండు నిమిషాల్లో అతిథి ఎవరో తెలిసిందా అని చూడండి. తెలియకపోతే, సంభాషణ ఎంత రసవత్తరంగా ఉన్నా, దాన్ని గద్య లేని గ్రంథంగా పరిగణించి ఆ లోపాన్ని మీ విమర్శలో ఎత్తిచూపండి.

ఇంక మిగిలింది మన బాధ్యత. వ్యాఖ్యాత చెప్పకపోయినా, యంత్రం కలిపేసినా, చివరికి ‘ఈయన ఇలా అన్నాడు’ అని సంతకం పెట్టి రాసేది మనం. ఆ ‘ఈయన’ ఎవరో తెలుసుకోవడం మర్యాద మాత్రమే కాదు, విమర్శకు మొదటి మెట్టు.

9.8 సారాంశం

నామసామ్యం మన సాహిత్యంలో పాతదే. ఇంటిపేరు, బిరుదు, గద్య వంటి ఏర్పాట్లతో పూర్వులు దాన్ని ఎదుర్కొన్నారు. పాడ్‌కాస్ట్‌లో అతిథి పేరు మామూలు మాటగా కలిసిపోవడం వల్ల, వ్యాఖ్యాతలు పరిచయాన్ని తేలికగా తీసుకోవడం వల్ల, లిప్యంతరీకరణ వల్ల వేర్వేరు వ్యక్తులు ఒకరిగా కనిపిస్తారు. దానివల్ల లేని మనిషి పుడతాడు, ఉన్న మనిషి మరుగున పడతాడు. విషయం, అభిప్రాయం బలహీనమైన ఆధారాలు. కాలం, స్థలం, అతిథి స్వయంగా చేసిన ప్రస్తావన బలమైనవి. రెండు ఆధారాలు కలిసిన తరువాతే మాటను మనిషికి ముడివేయాలి.

9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి

అ) ఈ కింది ప్రశ్నలకు ఐదేసి వాక్యాల్లో జవాబులు రాయండి.
1. ఆశ్వాసాంత గద్యను గుర్తింపు పత్రం అని ఎందుకు అనవచ్చు?
2. విషయాన్ని బట్టి మాత్రమే అతిథిని గుర్తించడం ఎందుకు చాలదు?
3. ‘పొరపాటు నమ్మదగ్గట్టుగా ఉన్నప్పుడే ప్రమాదం’ – వివరించండి.

ఆ) ఈ కింది ప్రశ్నకు రెండు పుటల్లో జవాబు రాయండి.
4. మీరు వినే ఏదైనా తెలుగు పాడ్‌కాస్ట్‌లో మూడు ఎపిసోడ్‌లు ఎంచుకోండి. అతిథి పరిచయం ఎలా ఉందో పోల్చి, పదేళ్ల తరువాత వినే శ్రోత దృష్టితో విమర్శించండి. లోపం కనిపించిన చోట, ఆ వ్యాఖ్యాత చెప్పి ఉండవలసిన పరిచయ వాక్యాన్ని మీరే రాయండి.